పడే పలకను పట్టుకునే చెయ్యి

"పెద్దవారు, ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. ఇది మీ పని కాదండీ" అన్నాడు ప్రవీణ్ కుమార్.

నన్ను కూర్చోమన్నవాళ్ల ముందు నిలబడటం, పొమ్మన్నవాళ్ల ముందు కూర్చోవడం నా పాత జబ్బు. ఆ పలకల షెడ్డు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీని లాక్కుని, సరిగ్గా ఆయన బూట్లకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. గురువారం ఉదయం పదీ ఇరవై. సాయంత్రం నాలుగింటికి యాకూబ్‌ని కోర్టులో హాజరుపరుస్తారు. హత్య కేసులో రిమాండుకి వెళ్లిన ముసలి ఎలక్ట్రీషియన్ మళ్లీ ఇంటి గడప ఎప్పుడు తొక్కుతాడో ఎవరికీ తెలియదు. అంటే నాకున్న టైము అయిదు గంటల నలభై నిమిషాలు.

నా పేరు వెంకటసుబ్బులమ్మ. ముప్పై ఏళ్లు ప్రభుత్వాసుపత్రి నరాల వార్డులో నర్సుగా చేసి, రిటైరయ్యాక గిద్దలూరులో డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. బోర్డు చూసి నవ్విన వాళ్లలో సగం మంది తర్వాత చెప్పులు బయట విప్పి లోపలికొచ్చారు. నిన్న రాత్రి వచ్చింది మాత్రం నవ్వని మనిషి. యాకూబ్ భార్య ఖుర్షీద్ బేగం. బస్సు దిగి నేరుగా నా ఇంటికొచ్చి, మంచినీళ్లు కూడా ముట్టకుండా, మా ఆయన తీగలు కలిపే మనిషేగాని ప్రాణాలు తీసే మనిషి కాదక్కా అంది. నాకు ఆ మాట చాలు. ఫీజు గురించి ఎత్తబోతే కసిరి పంపేశాను.

కేసు ఇది. మార్కాపురంలో ఈ షెడ్డు యజమాని పుల్లారావు మంగళవారం చనిపోయాడు. ఆ రోజు పదకొండూ అయిదుకి కరెంటు పోయింది. రంపాలు ఆగిపోవడంతో పనివాళ్లు ఎనిమిది మందీ రోడ్డు మీది టీ కొట్టుకి వెళ్లారు. ఆఫీసు ఫ్యానుకీ నీళ్ల మోటారుకీ ఉన్న చిన్న డీజిల్ జనరేటర్ పదకొండూ పదికి మోగడం వాళ్లు విన్నారు. పావు తక్కువ పన్నెండుకి కరెంటొచ్చి వాళ్లు తిరిగొచ్చేసరికి పుల్లారావు జనరేటర్ పక్కన బోర్లా పడి ఉన్నాడు. కుడి అరచెయ్యి పొగగొట్టం మీద ఉంది. చర్మం కాలిపోయి గొట్టానికి అంటుకుపోయింది. జనరేటర్‌కి ఉండాల్సిన ఎర్త్ తీగ ఊడి ఉంది. మేస్త్రీ ముందు జనరేటర్ ఆపి, తర్వాత చెయ్యి విడిపించాడట. అప్పటికే ప్రాణం పోయింది.

ఎర్త్ తీగ బిగించేది యాకూబ్. వారం కిందట జనరేటర్ మళ్లీ మళ్లీ ఆగిపోతోందని పుల్లారావు అందరి ముందూ అతన్ని తిట్టి పొమ్మన్నాడు. ఇంకేముంది, కోపం పెట్టుకుని ఎర్త్ తీసేశాడు, షాకు కొట్టి యజమాని పోయాడు అని రాసేశారు. అలా మొదట రాసింది పోలీసులు కాదు, ప్రవీణ్ కుమార్. పుల్లారావుకి పెద్ద బీమా పాలసీ ఉంది. ఆ బీమా కంపెనీ తరఫున విజయవాడ నుంచి వచ్చిన పరిశోధకుడు ఈయన. ఈ పడమటి మండలాల ఫైళ్లన్నీ ఈయన బల్ల మీదకే వెళతాయట. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి కారు దిగి, ఆరింటికల్లా నాలుగు పేజీల రిపోర్టు ఎస్సై చేతిలో పెట్టాడు. ఎస్సై హరితకి ఉద్యోగంలో ఇది నాలుగో నెల, మొదటి హత్య కేసు. చక్కగా టైపు చేసిన కాగితాన్ని కాదనడానికి ఆ పిల్లకి ధైర్యం చాలలేదు. అయితే బుద్ధిమంతురాలు. ఈ రోజు యాకూబ్‌ని షెడ్డుకి తీసుకొచ్చి, సంఘటన ఎలా జరిగిందో వీడియో తీయిస్తానంది. నన్నూ రానిచ్చింది.

యాకూబ్ చేతులకి బేడీలున్నాయి. కళ్లు లోపలికి పోయాయి. నేను అడగాల్సినవి మూడే. ఎర్త్ తీగ ఎప్పుడు బిగించావు అంటే పోయిన వారం సోమవారం, తిట్లు తినకముందే అన్నాడు. మళ్లీ ఈ షెడ్డు లోపలికి ఎప్పుడొచ్చావు అంటే, పొమ్మన్నాక ఈ గడప తొక్కలేదు అన్నాడు. మూడోది అడగకుండా అతని చేతులు పట్టుకుని వేళ్లు తిప్పి చూశాను. ఎడమ చేతికి మూడు, కుడి చేతికి రెండు, అడ్డంగా తెగి మానిన గాట్లు. అన్నీ పాతవి. కొత్తది ఒక్కటీ లేదు.

"ఇవేంది, యాకూబన్నా?"

"పలకలక్కా. జారి పడతా ఉంటే పట్టుకుంటా. వద్దని మేస్త్రీ ఏబేలన్న ఎన్నిసార్లు తిట్టినాడో. చెయ్యి ఊరుకోదు, ఏం చేసేది?"

అక్కడ నాకు ఒక దీపం వెలిగింది. దాన్ని అప్పుడే బయట పెట్టలేదు.

ముందు ఫొటోలు అడిగాను. మేస్త్రీ చెయ్యి విడిపించకముందే ఒక పనివాడు తీసినవి హరిత ఫోనులో చూపించింది. పుల్లారావు అరచెయ్యి గొట్టం మీద బల్లపరుపుగా ఉంది. వేళ్లు అయిదూ చాపి ఉన్నాయి. పసిపిల్లాడు పలక మీద చెయ్యి పెట్టి చుట్టూ బలపంతో గీత గీసుకునేటప్పుడు ఎలా పెడతాడో అలా. నాకు ఒళ్లు మండింది. దీన్ని చూసి షాకు అని ఎలా రాశావయ్యా అని ప్రవీణ్ కుమార్‌ని అడిగాను. కాలిన గుర్తు ఉంది, ఎర్త్ లేదు, ఇంకేం కావాలండీ అన్నాడాయన. నరాల గురించి తమరికేమైనా తెలుసా అన్నాను. ఆయన నవ్వి, మీకు తెలిస్తే చెప్పండి, వింటాం అన్నాడు. వెటకారమే. అయినా చెప్పమన్నాక నేను వదిలే రకం కాదు.

హరితని పక్కనున్న చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి కాలు మీద కాలు వేసుకోమన్నాను. నా చేతిసంచిలో రబ్బరు సుత్తి ఎప్పుడూ ఉంటుంది. మోకాలి చిప్ప కింద చిన్నగా తట్టాను. ఆమె బూటు గాల్లోకి ఎగిరి ముందున్న నీళ్ల బకెట్టుని తన్నింది. కానిస్టేబులు నవ్వు ఆపుకున్నాడు.

నువ్వు తన్నాలనుకున్నావా అంటే లేదంది. ఎవరు తన్నారు మరి? కాలి నుంచి కబురు వెన్నుపాములోకి వెళ్లింది, అక్కడే తీర్పు అయిపోయింది, ఆ తీర్పు కాలికి తిరిగొచ్చింది. తలకి ఆ సంగతి తర్వాత తెలిసింది. వేడి పెనం మీద వేలు పడినా అంతే. అబ్బా అనే లోపలే చెయ్యి వెనక్కి వచ్చేసి ఉంటుంది. బతికున్న చెయ్యి ఏదీ కాలే గొట్టం మీద ఆగదు.

"కరెంటు పట్టుకుంటే ఆగుతుంది కదండీ" అన్నాడు ప్రవీణ్ కుమార్. గట్టి మాటే అన్నాడు.

"ఆగుతుంది. ఎట్ల ఆగుతుందో చెప్పు నాయనా. చెయ్యి ముడిచే కండరాలకి బలం ఎక్కువ, చాపే వాటికి తక్కువ. కరెంటు రెండింటినీ గుంజితే ముడిచేదే గెలుస్తాది. గొట్టం చుట్టూ వేళ్లు బిగుసుకుపోవాల. మరి ఈయన వేళ్లు ఇట్ల చాపుకుని ఎట్ల ఉన్నాయి?"

హరిత ఫోను దగ్గరికి లాక్కుని మళ్లీ చూసింది. ఆమె కనుబొమలు దగ్గరికొచ్చాయి. నేను అదే ఊపులో పోస్టుమార్టం కాగితం అడిగాను. మెడ వెనక, పుర్రె కింద, అడ్డంగా ఒక దెబ్బ. కింద పడినప్పుడు తగిలింది అని రాసి ఉంది. బోర్లా పడినవాడికి మెడ వెనక దెబ్బ ఎలా తగులుతుందమ్మా అని అడిగాను. మెడ దగ్గర వెన్నుపాము నలిగితే ఒంట్లో ఈ చిన్న తీర్పులన్నీ ఆగిపోతాయి. సుత్తితో తట్టినా కాలు లేవదు, నిప్పు పెట్టినా చెయ్యి కదలదు. నా వార్డులో అలాంటి వాళ్లని ఎంతమందిని చూశానో. కాలిన చోట అంచున ఎర్రటి గీత, బొబ్బలు ఉన్నాయని అదే కాగితంలో ఉంది, అంటే అప్పటికి ఊపిరి ఉంది. ముందు మెడ మీద దెబ్బ. తర్వాత ఎవరో ఆ కదలని చెయ్యి తీసుకెళ్లి గొట్టం మీద ఆనించారు. షాకులా కనిపించాలని ఎర్త్ తీశారు. ఆ పని యాకూబ్ తలమీద పడుతుందని వాళ్లకి బాగా తెలుసు.

"సరే, అదీ యాకూబే చేశాడనుకోండి" అన్నాడు ప్రవీణ్ కుమార్ తొణక్కుండా. "తిట్లు తిన్నది ఆయనే కదా."

వాదనలో పసలేదని చెప్పలేను. అందుకే నాకు ఏబేలు కావాలి.

ఏబేలు ఈ షెడ్డు మేస్త్రీ. అరవై దాటిన మనిషి. దుమ్ముకి రెప్పల వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి. జనరేటర్ పక్కన గోడకి ఆనించిన పలకల కట్ట ఆ రోజు జారి నేలంతా పరుచుకుని ఉందట. వాటిలో అయిదారు పుల్లారావు కాళ్ల మీద పడి ఉన్నాయి. అంటే ఆయన పడ్డాకే కట్ట జారింది. మనిషిని ఈడ్చుకొచ్చేటప్పుడు ఆ ఈడ్చేవాడి ఒళ్లు తగిలింది. హరిత ఆ ముక్కలన్నిటినీ భద్రంగా దాచి పరీక్షకి పంపింది. ఒక్క అంచుకీ నెత్తురు లేదు.

నెత్తురు లేకపోతే ఏమైంది అంది హరిత. దానికి జవాబు నువ్వే చెప్పు అని ఏబేలుని పిలిచాను. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. చిన్నగా, ఆగి ఆగి చెప్పాడు. కొత్తగా కోసిన పలక అంచు బ్లేడు లాంటిది. జారే పలకని చూస్తే ఎవరి చెయ్యైనా ముందుకే పోతుంది. అది పుట్టుకతో వచ్చిన బుద్ధి. ఆ బుద్ధితో ఈ పనిలోకి వస్తే నెల తిరక్కుండా వేళ్లు పోతాయి. అందుకని ఇక్కడ కొత్తవాడికి మొదటి రోజు పని ఉండదు. మేస్త్రీ వాడిని నిలబెట్టి, పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా వాడి ముందు విరిగిన పలకలు పడేస్తూనే ఉంటాడు. చెయ్యి చాపినప్పుడల్లా కణుపుల మీద చెక్కబద్దతో ఒకటి. సాయంత్రానికి చెయ్యి చాపడం మానేస్తుంది. వారానికి ఇంకోటి అలవాటవుతుంది.

"వేరే షెడ్లలో చేతులు వెనక్కి కట్టుకోమంటారమ్మా. మా దగ్గర అట్ల కాదు. రెండు చేతులూ చంకల్లోకి, ఎడమ కాలు ఒక్క అడుగు వెనక్కి. నాకు మా మేస్త్రీ నేర్పినాడు. నేను పదకొండు మందికి నేర్పినాను. నిద్రలో పలక చప్పుడైనా నా చేతులు చంకల్లోకే పోతాయి."

అంటే కట్ట జారినప్పుడు చెయ్యి చాపనివాడు ఈయన దగ్గర నేర్చినవాడే, యాకూబ్ అయితే పట్టుకుని వేళ్లు కోసుకునేవాడు. ఆ పదకొండు మంది ఎక్కడ అని అడిగాను. ఎనిమిది మంది ఇప్పటి పనివాళ్లే, మంగళవారం టీ కొట్టులో ఉన్నవాళ్లే. కొట్టు మనిషి ఆ మాట ఖాయంగా చెప్పాడు. ఏబేలూ వాళ్లతోనే ఉన్నాడు. ఒకడు చనిపోయాడు. మిగిలింది ఇద్దరు, అన్నదమ్ములు, ఇరవై ఏళ్ల కిందటి మాట. తమ్ముడి చెయ్యి రంపం బెల్టులో పడి నెత్తురు పోయి చచ్చిపోయాడు. పరిహారం ఇవ్వాల్సొస్తుందని, వాడు మా పనివాడే కాదు, ఊరికే చూడటానికొచ్చినాడని పుల్లారావు రాయించాడు. అన్న కట్టుబట్టలతో ఊరు వదిలిపోయాడు. ఆ తర్వాత ఏబేలు ఎవరికీ నేర్పలేదు.  

ప్రవీణ్ కుమార్ గడియారం చూసుకున్నాడు. ఇంతసేపూ ఆయన పలకల కట్టలకి పక్కగానే నిలబడ్డాడు, ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడలేదు. తెల్లచొక్కా మాస్తుందని కాబోలు అనుకున్నాను. ఇదంతా కథలా బాగుందండీ, కానీ కథకి కోర్టులో విలువ లేదు, నాకు ఈ రాళ్ల వ్యాపారం గురించి ఏమీ తెలియదు, మంగళవారానికి ముందు మార్కాపురం ముఖం కూడా చూడలేదు, నా రిపోర్టు మాత్రం మార్చను అన్నాడు.

"మార్చొద్దు. నాలుగు గంటలకి జడ్జిగారి ముందు నీ రిపోర్టూ నా మాటా రెండూ పెడదాం. ఎవరిది నిలబడుతుందో చూద్దాం" అన్నాను.

"మీరెవరండీ కోర్టుకి రావడానికి? రిటైరైన నర్సు."

నేను కుర్చీలోంచి లేచాను. నర్సువా అని నన్ను తక్కువగా అన్నవాళ్లకి నేనెప్పుడూ బాకీ ఉంచుకోలేదు. ఆయన ముఖంలోకి వేలు చూపిస్తూ గొంతు పెంచాను. ముప్పై ఏళ్లలో నేను ఎన్ని శవాల చేతులు కడిగానో, నీ టైపు మిషను ఎన్ని అక్షరాలు కొట్టిందో లెక్క తేల్చుకుందాం రమ్మన్నాను. యాకూబ్ నా ఎడమ పక్క, ప్రవీణ్ కుమార్ కుడి పక్క, మధ్యలో బల్లకి ఆనించి పది పలకలున్నాయి. ఇందాక నేను చాటుగా అడిగితే ఏబేలు పెట్టినవి. వాటి కింద ఒక చిన్న చెక్కముక్క అడ్డం ఉంది. అరుస్తూ అరుస్తూ చెప్పుకాలితో దాన్ని పక్కకి తన్నాను.

పలకలు జారాయి.

నిజం చెప్పాలంటే నేను యాకూబ్ చేతుల కోసమే వాటిని వదిలాను. అతని చేతులు నన్ను ఓడించలేదు. బేడీలతో సహా ముందుకి దూకాయి. రెండు పలకల్ని గాల్లోనే పట్టుకున్నాడు. చూపుడువేలి మీంచి నెత్తురు కారి బేడీ మీద పడింది. యా అల్లా అని చేతులు దులుపుకుని, తర్వాత నా వంక చూశాడు. హరిత కూడా ముందుకి వంగి రెండు చేతులూ చాపి ఉంది. వీడియో తీస్తున్న కానిస్టేబులు ఫోను వదలకుండానే మరో చెయ్యి చాపాడు.

నేను కుడి పక్కకి తిరిగాను. 

ప్రవీణ్ కుమార్ రెండు చేతులూ చంకల్లో ఉన్నాయి. ఎడమ కాలు ఒక అడుగు వెనక్కి ఉంది.

షెడ్డు అవతలి మూల ఏబేలూ సరిగ్గా అలాగే ఉన్నాడు. ముసలాయన తన చేతుల వంక చూసుకుని, తర్వాత ఆ తెల్లచొక్కా వంక చూశాడు. 

ప్రవీణ్ కుమార్ చేతులు దించేశాడు. అర సెకను కూడా పట్టలేదు. మొహం మాత్రం మామూలుగా పెట్టుకోవడానికి ఇంకొంచెం సేపు పట్టింది. ఏం నాటకాలండీ ఇవి, మనిషి భయపడితే చేతులు ముడుచుకోడా అన్నాడు. హరిత కానిస్టేబులు చేతిలోంచి ఫోను తీసుకుంది. వీడియో వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. మూడోసారి ఆపి, తెర మీద వేలుపెట్టి లెక్కపెట్టింది. చేతులు చాపినవాళ్లు ముగ్గురు. చంకల్లో పెట్టుకున్నవాళ్లు ఇద్దరు. ఫోను కానిస్టేబులుకి తిరిగిచ్చి, మళ్లీ తీస్తూ ఉండమంది.

"సార్, మార్కాపురం మీకు కొత్త అన్నారు కదా" అంది.

"కొత్తే. ఎస్సైగారూ, చంకలో చెయ్యి పెట్టుకున్నందుకు ఏ సెక్షను రాస్తారు? చెప్పండి, వినాలనుంది."

ఆ మాటతో ఆమె ఆగిపోయింది. నిజమే, ఏ సెక్షనూ లేదు. నా బుర్ర మాత్రం ఆగలేదు. పుల్లారావు పాలసీ సంగతి ముందే తెలిసినవాడు, చనిపోతే ఆ ఫైలు తన బల్ల మీదకే వస్తుందని తెలిసినవాడు, ఏం రాస్తే పోలీసులు నమ్ముతారో తెలిసినవాడు. చంపిన చేత్తోనే రిపోర్టు రాసుకున్నాడు. పదకొండూ పది నుంచి పావు తక్కువ పన్నెండు వరకు ముప్పై అయిదు నిమిషాలు. ఈ షెడ్డులో కరెంటు పోతే పనివాళ్లు టీకి వెళతారని బయటివాడికి ఎలా తెలుస్తుంది? ఇక్కడ పనిచేసినవాడికే తెలుస్తుంది. ఇవన్నీ నాకు తెలిసి ఏం లాభం? ఋజువు కావాలి. గడియారంలో పన్నెండున్నర. యాకూబ్ వేలి నుంచి నెత్తురు ఇంకా కారుతూనే ఉంది. నా చీర కొంగు చించి కట్టాను. 

ప్రవీణ్ కుమార్ బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. నాలుగింటికి కోర్టులో కలుద్దాం, మీ నర్సమ్మగారిని కూడా తీసుకురండి అని హరితతో అన్నాడు. గుమ్మం వైపు నడిచాడు. తొందర లేదు, తడబాటు లేదు. ఇంకో ఆరడుగులు వేస్తే కారు ఎక్కుతాడు. సాయంత్రానికి యాకూబ్ జైల్లో ఉంటాడు. ఖుర్షీద్ బేగానికి నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఆపు అని హరిత మీద అరవబోయాను. ఏబేలు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన నా వంక చూడలేదు. గుమ్మం దాకా వెళ్లిన ఆ తెల్లచొక్కా వీపునే చూస్తున్నాడు. రంపం పక్కన పని చేసే పిల్లాడిని అన్నానికి పిలిచినట్టు, గొంతు పెంచకుండా, మామూలుగా పిలిచాడు.

"పాల్ రాజూ."

గుమ్మంలో మనిషి టక్కున వెనక్కి తిరిగాడు.

"ఏంది మామా?"

అనేశాడు. విజయవాడ మర్యాదలన్నీ ఎటు పోయాయో, ఇరవై ఏళ్ల కిందటి పిల్లాడి గొంతుతో అనేశాడు. ఆ మాట చెవిన పడ్డాక గాని అన్నది తనేనని ఆయనకి తెలియలేదు. నోటి మీదకి చెయ్యి పోయింది కానీ అప్పటికే ఆలస్యమైంది. కానిస్టేబులు ఫోను ఇంకా తిరుగుతూనే ఉంది.

ఏబేలు నేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. హరిత జేబులోంచి తాళం తీసి, యాకూబ్ నెత్తుటి చేతుల బేడీలు విప్పి, వాటిని పట్టుకుని గుమ్మం వైపు నడిచింది.